కొడుకు కారుకు అమ్మ పింఛను కోత

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను రావాలంటే అరవై ఏళ్లు నిండితే సరిపోదు. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఇన్‌కంట్యాక్స్ కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించకూడదు.

ముందు ఆ 10 వేల సంగతి చూద్దాం. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ రేటుకు భార్యాభర్తలు నెలలో చెరో పదిహేడు రోజులు ఏదో ఒక కూలిపనికి వెళ్తే 10,438 అవుతుంది. అంటే ఇద్దరూ ఒళ్లొంచి పని చేసుకునే ఇల్లు నిబంధన ప్రకారం పేదది కాదన్నమాట! నిజానికి కూలివాళ్ల సంపాదన ఎవరూ లెక్కగట్టరు. కంప్యూటర్‌లో కనిపించే కారు, మీటరు, పన్ను వివరాలే పేదరికాన్ని తేల్చేస్తాయి.

శ్రీకాకుళం జిల్లాకు ఈ పద్ధతి అస్సలు సరిపడదు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఏ ఊళ్లో చూసినా వయసు పిల్లలు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. కొడుకు అక్కడ ఈఎంఐ మీద సెకండ్‌హ్యాండ్ కారు కొంటాడు. ఎవరు ఏ ఇంటివాళ్లో ప్రభుత్వం నమోదు చేసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అతని పేరు ఇంకా అమ్మతోనే ఉంటే ఇక్కడ పింఛను ఆగిపోతుంది. అతను నెలనెలా డబ్బు పంపుతున్నాడా, పండక్కి చీర పెట్టి వెళ్లిపోతున్నాడా అని అడిగేవాళ్లు లేరు. నెలనెలా వచ్చే నాలుగు వేల పింఛను ఆగాక బీపీ మాత్రలకూ కోడలికి ఫోన్ చేయాలి. అలా అడగాలంటేనే చాలామందికి ప్రాణం పోయినంత పనవుతుంది.

దివ్యాంగుల పరిస్థితి ఇంకా కష్టం. పింఛను 6 వేలు. వైకల్యం ఎంతో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్లాలంటే ఆటో మాట్లాడుకోవాలి, వెంట ఒకరు కూలి మానుకుని రావాలి. అదే ఆదాయంతో బతికే పక్కింటికి ఈ ఖర్చులు లేవు. అయినా ఇద్దరికీ ఆదాయ హద్దు ఒక్కటే.

అనర్హులను తీసేయొద్దని ఎవరూ అనరు. కేంద్రం ఎనభై ఏళ్లలోపు వృద్ధులకు ఇచ్చే వాటా నేటికీ 200 రూపాయలే కాబట్టి రాష్ట్ర ఖజానా మీద బరువు నిజమే. అయినా వృద్ధుల విషయంలో చూడాల్సింది వాళ్ల సొంత ఆదాయం. వేరే ఊళ్లో కాపురం ఉంటున్న పిల్లల ఆస్తిని ఆ లెక్కలోంచి తీసేయాలి. దివ్యాంగులకు ఆదాయ హద్దు పెంచాలి. పింఛను ఆపే ముందు ఊళ్లోని సచివాలయం ఉద్యోగి ఇంటికి వెళ్లి చూసి రాయాలి. ఒకటో తేదీన పింఛను ఇవ్వడానికి గుమ్మం దాకా వస్తున్నారు కదా, ఈ పనికీ రావచ్చు.