గుల్ల ఫొటో తీస్తే నత్త పేరు వచ్చేస్తుందా?

సైన్స్ ప్రాజెక్టుల రోజులు వచ్చాయంటే హైదరాబాద్ బడుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "చిన్న సముద్రపు నత్తల పేర్లు కనుక్కోవడం చాలా తేలిక. గుల్లను నిమ్మరసంలోనో చింతపండు పులుసులోనో కడిగి, ఫొటో తీసి యాప్‌లో పెట్టండి. రంగు, ఆకారం చూసి జాతి పేరు చెప్పేస్తుంది. మరీ చిన్నవి పెద్దవాటి పిల్లలే, వదిలేయండి. శాస్త్రీయ నామం ఎప్పటికీ మారదు. యాప్‌కు అందనిది కొత్త జాతి, దానికి మీరే పేరు పెట్టుకోవచ్చు." విశాఖ నుంచో సూర్యలంక నుంచో సంచీలో గుల్లలు తెచ్చుకున్న పిల్లలు దీన్ని నమ్మి చార్టులు రాసేస్తున్నారు. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

ముందు కడగడం సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ జరిగిన తప్పును మళ్ళీ దిద్దుకోలేం. గుల్ల అంటే కాల్షియం కార్బనేట్. పులుపు తగలగానే బుడగలు వస్తాయి, ఆ బుడగలతోపాటే గుల్ల కరిగిపోతుంది. ఇత్తడి చెంబును తళతళలాడించే చింతపండు 3 మిల్లీమీటర్ల గుల్ల మీద ముందుగా తినేసేది సన్నని గీతల్నీ, గింజల్నీ, కొననీ. పేరు కనుక్కోవడానికి కావలసినవి అవే. మంచినీళ్ళలో ఒక రోజు నానబెట్టి, రెండు మూడు సార్లు నీళ్ళు మార్చితే ఉప్పు పోతుంది. తర్వాత నీడలో ఆరబెట్టాలి. అంటుకున్న ఇసుకను తడి కుంచెతో తీయాలి. పట్టకారు వాడితే గుల్ల పెంకు పెంకులవుతుంది. లోపల నత్త ఉంటే 70 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. బ్లీచింగ్ ద్రావణం గుల్లను కరిగించదు కానీ పైనుండే పలచటి పొరను, దాని నూగుతో సహా ఊడ్చేస్తుంది. అందుకే దాని జోలికి వెళ్ళేముందు ఫొటోలు తీసి ఉంచుకోవాలి.

"రంగు చూసి చెప్పేస్తుంది." మన తూర్పు తీరపు ఇసుకలో బొత్తాంలా చదునుగా, నున్నగా ఉండే అంబోనియం వెస్టియారియం గుల్లలను దోసెడు తీసి చూడండి. గులాబీవి, బూడిదవి, గోధుమవి, పసుపువి, చారలవి, చుక్కలవి అన్నీ కనిపిస్తాయి. జాతి మాత్రం ఒక్కటే. రంగునూ ఆకారాన్నీ నమ్ముకుంటే ఏమవుతుందో ఉత్తర అట్లాంటిక్ రాళ్ళ మీద బతికే లిటోరినా సాక్సాటిలిస్ చెబుతుంది. అలలు బాదే చోట ఒక రూపు, పీతలు తిరిగే చోట ఇంకో రూపు. ఆ తేడాలు చూసి గత రెండు శతాబ్దాల్లో ఆ ఒక్క నత్తకే వందకు పైగా పేర్లు పెట్టారు. పైగా ఒడ్డున దొరికే గుల్ల ఎండకు వెలిసిపోయి ఉంటుంది. దాని అసలు రంగు ఏదో ఫొటోకు తెలిసే దారి లేదు.

అసలు గొడవంతా యాప్ మాట దగ్గరే ఉంది. తెల్లగా, నున్నగా, సూదిలా ఉన్న 4 మిల్లీమీటర్ల గుల్లలు రెండు మీ ముందున్నాయనుకుందాం. ఒకటి యూలిమిడే కుటుంబానిది, సముద్రపు నక్షత్రాల మీదా, వాటి బంధువుల మీదా పరాన్నజీవిగా బతికేది. రెండోది పిరమిడెల్లిడే కుటుంబానిది, పురుగుల నుంచో ఇతర నత్తల నుంచో రసం పీల్చుకునేది. ఫోన్ ఫొటోలో రెండూ కవలలే. వర్గీకరణలో మాత్రం వేర్వేరు ఉపతరగతులవి. ఆ తేడా తెలిసేది కొనలో. నత్త డింభకంగా ఉన్నప్పుడు కట్టుకున్న గుల్ల పెద్దయ్యాక కూడా కొనమీదే ఉండిపోతుంది. దాన్ని ప్రోటోకాంక్ అంటారు. యూలిమిడేలో అది మిగతా గుల్ల తిరిగిన వైపే తిరిగి, అదే ఇరుసు మీద నిటారుగా ఉంటుంది. పిరమిడెల్లిడేలో ఎదురు దిశకు తిరిగి, టోపీని పక్కకు వాల్చి పెట్టినట్టు ఉంటుంది. ఈ కుటుంబపు గుల్లల్లో చాలావాటికి నోటి లోపల, నడిమి స్తంభం మీద ఒక మడత కూడా కనిపిస్తుంది.

అది కనబడాలంటే 10 రెట్ల చేతి భూతద్దం చాలదు, 40 రెట్లు చూపే స్టీరియో మైక్రోస్కోప్ కావాలి. బళ్ళలో ఉండే మామూలు మైక్రోస్కోప్‌కు వెలుగు కిందనుంచి వస్తుంది కాబట్టి గుల్ల నల్లటి నీడలా కనిపిస్తుంది. కింది దీపం ఆపి, పక్కనుంచి ఎల్ఈడీ టార్చి వేస్తే అదీ పనికొస్తుంది. నల్ల కాగితం మీద చిటికెడు సన్న ఇసుక పోసి, గుల్లను కావలసిన కోణంలో అందులో గుచ్చితే కదలకుండా నిలబడుతుంది. నోరు మీవైపు ఉండేలా ఒకటి, వీపు వైపు ఒకటి, పైనుంచి కొన ఒకటి, అన్నిటిలోనూ కొలత గీత ఉండేలా మూడు ఫొటోలైనా తీయాలి.

ప్రోటోకాంక్ చుట్లు లెక్కించడానికీ పద్ధతి ఉంది. గుల్లను పైనుంచి చూస్తూ, మొట్టమొదటి బుల్లి అర్ధవృత్తం రెండు అంచులనూ కలుపుతూ ఒక గీత ఊహించుకోవాలి. అక్కడినుంచి బయలుదేరి మళ్ళీ ఆ గీతను చేరేసరికి ఒక చుట్టు. పావు చుట్టు వరకూ లెక్క రాయాలి. పిల్లగుల్ల ముగిసి పెద్దగుల్ల మొదలైన చోట నగిషీ ఉన్నట్టుండి మారుతుంది, లెక్క అక్కడ ఆపాలి. సన్నని చుట్లు మూడు నాలుగుంటే ఆ డింభకం సముద్రంలో తేలుతూ, తింటూ పెరిగిందని అర్థం. లావుపాటి చుట్టు ఒకటో ఒకటిన్నరో ఉంటే గుడ్డులోని పచ్చసొనతోనే ఎదిగిందని అర్థం. మిగతా గుల్ల అచ్చు గుద్దినట్టున్నా కొనలో ఈ తేడా కనబడితే సాధారణంగా అవి వేర్వేరు జాతులు. మరి కొన విరిగిన గుల్ల సంగతి? చాలాసార్లు జాతికి పై మెట్టయిన ప్రజాతి దగ్గరే ఆగిపోవాలి. ఒడ్డున అలలకు అరిగిన వాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఫొటోతో వచ్చే ఇంకో చిక్కు, అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారవడం. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు అలా తిప్పేస్తాయి. కొన పైకి, నోరు మనవైపు పెట్టినప్పుడు నోరు కుడి పక్కకు వస్తే కుడిచుట్టు గుల్ల. నత్తల్లో ఎక్కువ భాగం అవే. ఒళ్ళంతా పూసలు గుచ్చినట్టుండే ట్రైఫోరిడే కుటుంబపు చిన్న గుల్లలు దాదాపు అన్నీ ఎడమచుట్టువి. వాటిలాగే పూసలుండే సెరిథియాప్సిడే గుల్లలు కుడిచుట్టువి. ఫొటో తిరగబడితే కుటుంబమే మారిపోతుంది. మన పూజగదిలోని మాట ఇక్కడ తికమక పెడుతుంది: దక్షిణావర్త శంఖమని మనం అనేది శాస్త్రం లెక్కలో ఎడమచుట్టుది. శంఖాన్ని కొన కిందికి పెట్టి చూస్తే నోరు కుడి పక్కకు వస్తుంది, పేరు అలా చూసినప్పటిది. గుల్ల ఒకటే, పట్టుకునే తీరు వేరు. చార్టు మీద ఏ పద్ధతిలో చూశారో రాయకపోతే చదివేవారికి అర్థం కాదు.

సందేశంలో అసలు అడగని ప్రశ్న ఒకటుంది: ఎక్కడ దొరికింది? హైదరాబాద్‌లో ఇల్లు కట్టే చోట నది ఇసుక కుప్పలో పొడవాటి మెలిగుల్ల దొరికితే యాప్ సముద్రపు పేరు చూపించవచ్చు. అది మెలనాయిడిస్ ట్యూబర్‌క్యులాటా అయ్యే అవకాశం ఎక్కువ. అది మంచినీటి నత్త, ఇళ్ళలో చేపల తొట్ల అడుగునా పెరిగేదే. అత్తాపూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన మంచినీటి జీవుల కేంద్రం ఉంది. సముద్ర జీవులకు ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. ఎవరిని అడగాలన్నది కూడా చోటు తెలిస్తేనే తేలుతుంది.

"చిన్నవి పెద్దవాటి పిల్లలే." కాదు. పూర్తిగా ఎదిగాక కూడా 5 మిల్లీమీటర్లు దాటని నత్తలు లెక్కలేనన్ని ఉన్నాయి. రిస్సోయినా వంటివాటిలో ఎదిగిన గుల్లకు నోటి అంచు బయటికి మందంగా ఉబ్బి ఉంటుంది, పలచగా పదునుగా ఉంటే ఇంకా పెరుగుతున్నదని. ఇక నిజంగా పిల్ల అయినవి తల్లిని పోలి ఉంటాయన్న నమ్మకమూ లేదు. అష్టాచెమ్మా ఆడే గవ్వ ఎదిగిన గుల్ల. అంచులు లోపలికి ముడుచుకుని, పళ్ళు వచ్చి, ఆ తర్వాత పొడవు పెరగదు. అదే గవ్వ చిన్నతనంలో పలచటి అంచుతో, వెడల్పాటి నోటితో, పైన చుట్లు కనబడుతూ ఉంటుంది. దాన్ని గవ్వ అని పిల్లలే కాదు, చాలామంది పెద్దలూ గుర్తుపట్టరు. యూలిమిడేకూ పిరమిడెల్లిడేకూ ఇలాంటి గుర్తు సాధారణంగా ఉండదు కాబట్టి ఎత్తు, చుట్ల సంఖ్య రెండూ రాయక తప్పదు.

"పేరు మారదు" అన్నవారు గవ్వ పేరు తర్వాత వచ్చే బ్రాకెట్లను చూడలేదు. మొనెటేరియా మొనెటా (లినేయస్, 1758). 1758లో దానికి పేరు పెట్టిన లినేయస్ దాన్ని సిప్రియా ప్రజాతిలో పెట్టాడు, తర్వాతివారు మార్చారు. బ్రాకెట్లు చెప్పేది ఆ మార్పునే. కోరింగ మడ అడవుల దగ్గరి బురదలో దొరికే పిరెనెల్లా సింగ్యులాటాను గ్మెలిన్ అనే శాస్త్రవేత్త 1791లో మ్యూరెక్స్ సింగ్యులేటస్ అన్నాడు. పాత పుస్తకాల్లో సెరిథీడియా, ఆ తర్వాత సెరిథీడియాప్సిల్లా, ఇప్పుడు పిరెనెల్లా. ప్రజాతి పేరు లింగం మారితే జాతి పేరు చివరి అక్షరాలూ మారతాయి. కుటుంబాలూ కదులుతాయి: పాతకాలంలో టరిడే కింద గుమ్మరించిన గుల్లలున్న కోనాయిడియా అనే మహాకుటుంబాన్ని 2011లో 15 కుటుంబాలుగా సర్దారు. పాత పుస్తకం చూసి రాసిన పేరును మొలస్కాబేస్ అనే ఆన్‌లైన్ పేర్ల జాబితాలో ఒకసారి సరిచూసుకోవాలి, అది ఉచితం.

ఇక కొత్త జాతి. యాప్‌కు దొరకలేదంటే దాని దగ్గర ఆ ఫొటోలు లేవని మాత్రమే. జంతువుల నామకరణానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. ఇతర జాతులతో తేడా చెప్పే వర్ణన అచ్చు కావాలి. 1999 తర్వాత పెట్టే పేరుకు మూల నమూనా, అంటే ఆ పేరుకు ఆధారంగా దాచి ఉంచే నమూనా, ఏదో స్పష్టంగా చెప్పి, అది ఏ సేకరణలో ఉందో రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే ప్రచురణ అయితే జంతువుల పేర్ల అధికారిక పట్టిక జూబ్యాంక్‌లో నమోదు ఉండాలి. వాట్సాప్‌లో పెట్టిన పేరు పేరే కాదు.

ఈ సందేశానికి జవాబుగా "గుల్లలు దండగ, డీఎన్ఏ ఒక్కటే దారి" అనేవారూ ఉన్నారు. అదీ సరికాదు. చిన్న నత్తల పాత పేర్లలో చాలావాటి మూల నమూనాలు ఖాళీ గుల్లలే. వాటిలో కండ లేదు. ఈరోజు తీసిన డీఎన్ఏకు ఏ పేరు తగిలించాలో చెప్పాలంటే మళ్ళీ ఆ గుల్లతోనే పోల్చి చూడాలి.

పిల్లల చార్టు మీద జాతి పేరు లేకపోతే మార్కులు తీసేయకండి. సరైన చీటీ ఇలా ఉంటుంది: "పిరమిడెల్లిడే కుటుంబం, ప్రజాతి తేలలేదు. సూర్యలంక, అలల గీత దగ్గరి ఇసుక, అర మిల్లీమీటరు జల్లెడ మీద నిలిచింది. ఎత్తు 3.8 మి.మీ., చుట్లు 7, కొన సగం విరిగింది." తేదీ, సేకరించినవారి పేరు పెన్సిల్‌తో రాసి, ఆ చీటీని గుల్లతోపాటే చిన్న గాజు సీసాలో పెట్టాలి. చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో పెట్టవద్దు. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి వానాకాలపు తేమతో కలిసి గుల్లమీద తెల్లటి పొడిలా పూస్తుంది, ఆ పొడి గుల్ల నుంచి ఊడివచ్చిందే.