ఫోల్డర్ పేరు మార్చే అధికారం

మన బెజవాడలో పేర్లు మార్చడం ఎంత తేలికో అందరికీ తెలుసు. హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. రెండుసార్లూ పిల్లలు అనాటమీ చదువుకుంటూనే ఉన్నారు, ఎవర్నీ లేచి బయటికి రమ్మనలేదు. 2022 ఏప్రిల్ 3 రాత్రి మనమంతా కృష్ణా జిల్లాలో పడుకుని తెల్లారి ఎన్టీఆర్ జిల్లాలో లేచాం. ఇంత అనుభవమున్న ఊళ్లో కూర్చుని నేను ఒక్క ఫోల్డర్ పేరు మార్చలేకపోయాను.

సంగతి చిన్నదే. గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి సీషార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం రాస్తున్నాను. స్కాన్ చేసిన బిల్లుల బొమ్మలు తెరిచి లెక్క ఎక్కించాలి, అయ్యాక ఫోల్డర్ పేరు 'కొత్తవి' తీసి 'అయినవి' అని పెట్టాలి. ఆ చివరి పనికి ఒకటే లైను, డైరెక్టరీ.మూవ్. సరిగ్గా అక్కడే విండోస్ 'యాక్సెస్ డినైడ్' అంది. ఫోల్డర్ నాది, కంప్యూటర్ నాది, దానికి కరెంటు బిల్లు కట్టేదీ నేనే.

అధికారం లేదంటే మనం ఏం చేస్తాం? పైవాళ్లని పట్టుకుంటాం. నేనూ ప్రోగ్రాంని అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిపించాను. అదే మాట. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'ఎవ్రీవన్'కి ఫుల్ కంట్రోల్ ఇచ్చాను. లోకంలో అందరికీ సర్వాధికారాలూ వచ్చాయి, నా పని మాత్రం కాలేదు. రీడ్ ఓన్లీ పక్కన నల్ల చదరం తీసేశాను. మళ్లీ తెరిస్తే అది అక్కడే ఉంది. (ఫోల్డర్ పేరు మార్చకుండా ఆ చదరం ఆపదని తర్వాత తెలిసింది. కంగారులో ఉన్నవాడికి పీకడానికి ఏదో ఒకటి కావాలి కదా!) చివరికి రీస్టార్ట్ చేస్తే ఒక్కసారి పనిచేసింది. అదే నా కొంప ముంచింది. రెండు రోజులు రీస్టార్టే మందు అనుకున్నాను.

"ఒరేయ్, అధికారం గొడవ కాదురా ఇది. లోపల ఎవడో కూర్చునుంటాడు, చూసుకో" అన్నాడు మా సీనియర్, తల కూడా ఎత్తకుండా.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో పండగ ముందు రోజు బస్సు ఎక్కినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. బస్సంతా ఖాళీ. సీటు సీటుకీ ఓ ఖర్చీఫ్. మనిషి లేడు, హక్కు ఉంది. విండోస్‌లో ఆ ఖర్చీఫ్‌ని హ్యాండిల్ అంటారు. ఫోల్డర్ లోపల, ఎంత లోతునైనా సరే, ఒక్క ఫైలు తెరిచి ఉన్నా పై ఫోల్డర్ పేరు మారదు. యాంటీవైరస్ కొత్త ఫైలుని వాసన చూస్తున్నా అంతే. ప్రివ్యూ పేన్ ఓ బొమ్మని చూపిస్తున్నా అంతే. నల్లటి కమాండ్ విండో ఏ పనీ చేయకుండా ఆ ఫోల్డర్లోకి వచ్చి ఊరికే నిలబడినా అంతే.

నా ఫిర్యాదు దాని మీద కాదు, మాట తీరు మీద. తెరిచి ఉన్న ఫైలు పేరు మార్చబోతే వచ్చేది 32వ నంబరు ఎర్రర్, 'ఇంకో ప్రోగ్రాం వాడుకుంటోంది' అని మర్యాదగా చెబుతుంది. అదే ఫైలున్న ఫోల్డర్ పేరు మార్చబోతే 5వ నంబరు వస్తుంది, 'నీకు ప్రవేశం లేదు' అని. సంతకం పెట్టే ఆయన టిఫినుకి వెళ్లాడని చెప్పకుండా 'రూల్స్ ఒప్పుకోవండీ' అనే కౌంటరు మనిషి ఎర్రర్ మెసేజీలు కూడా రాస్తాడని నా అనుమానం.

విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం ఉంది, లైనక్స్. దాని పద్ధతి వేరు. లోపల ఫైళ్లు తెరిచి ఉన్నా బోర్డు మార్చేస్తుంది, వాడుకుంటున్నవాళ్లు వాడుకుంటూనే ఉంటారు. అచ్చం మన ఊరే. విజయవాడ అని ఎప్పుడో రాసేశారు, మనం బెజవాడ అంటూనే ఉన్నాం, ఎవరి పనీ ఆగలేదు.

సరే, దొంగని పట్టాలి. ఏ ప్రోగ్రాం దేన్ని పట్టుకుందో చూపించే విండోస్ వారి రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబులో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫోల్డర్ పేరు కొట్టాను. యాంటీవైరస్ దొరుకుతుందని, దాన్ని నాలుగు తిట్టాలని సిద్ధంగా ఉన్నాను. జాబితాలో ఒకే ఒక్క పేరు వచ్చింది. నా ప్రోగ్రాం.

సీషార్ప్‌లో ఇమేజ్.ఫ్రమ్‌ఫైల్ అనే ఆదేశంతో బొమ్మ తెరిస్తే, దాన్ని డిస్పోజ్ చేసేదాకా, అంటే పనైపోయింది వదిలెయ్ అని చెప్పేదాకా, ఫైలుని వదలదు. నేను డిస్పోజ్ రాయలేదు. వాడి పారేసినవాటిని మెమరీలోంచి తనంతట తనే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ వచ్చి ఎత్తుకెళ్తుందిలే అనుకున్నాను. ఎత్తుకెళ్తుంది, కాదనను. కానీ ఆ చెత్త బండికి వేళాపాళా లేదు. అది ముందే వచ్చినప్పుడు పేరు మారింది, రానప్పుడు మారలేదు. నేను మాత్రం వారం, తిథి చూసుకున్నాను.

బొమ్మ తెరిచే చోట 'యూజింగ్' అనే మాట పెట్టాను, పనవగానే అదే డిస్పోజ్ చేసేస్తుంది. యాంటీవైరస్ లాంటి చుట్టపుచూపు వాళ్ల కోసం, అర సెకను ఆగి మళ్లీ అడిగేలా ఐదు ప్రయత్నాలు రాశాను. మా ఇంట్లో వందసార్లు నడిపాను, వందసార్లూ మారింది.

గవర్నర్‌పేటలో పెట్టిన మొదటి రోజే ఫోన్ వచ్చింది. పేరు మారడం లేదట. వెళ్లాను. 'కొత్తవి' ఫోల్డర్లో ఒక ఎక్సెల్ షీటు తెరిచి ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది, కుర్చీ మీద తువ్వాలు ఉంది. పావుగంటకి కుర్రాడు పునుగుల పొట్లంతో వచ్చి షీటు మూశాడు. పేరు మారిపోయింది.

"పర్మిషన్ వచ్చేసిందా సార్? ఎవరిచ్చారు?" అన్నాడు.

"నువ్వే ఇచ్చావు నాన్నా" అని ఒక పునుగు తీసుకున్నాను.