సవరణ: స్టాలిన్‌గ్రాడ్‌లో నాజీలు దాచింది ఓటమిని కాదు, లొంగుబాటును

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం ఓడిపోవడంపై మొన్నటి పోస్టులో "నాజీ ప్రభుత్వం ఆ ఓటమిని ప్రజలకు తెలియనివ్వలేదు" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: ఓటమిని ప్రకటించింది, లొంగుబాటును దాచింది.

1943 ఫిబ్రవరి 3న స్టాలిన్‌గ్రాడ్ పోరు ముగిసిందని జర్మన్ రేడియోనే చెప్పింది. అక్కడ పోరాడిన జర్మన్ ఆరో సైన్యం ఆఖరి ఊపిరి దాకా పోరాడి నేలకొరిగిందన్నట్టు వార్తను మలిచారు. సంతాప దినాలు ప్రకటించి థియేటర్లు మూసేశారు. నిజానికి ఆ సైన్యాధిపతి ఫీల్డ్ మార్షల్ పౌలుస్ జనవరి 31నే పట్టుబడ్డాడు. సుమారు 91,000 మంది బందీలయ్యారు. కొడుకు బతికే ఉన్నాడేమో అన్న ఆశ కూడా తల్లులకు దక్కనివ్వలేదు. ఓటమిని దాచడం కన్నా ఇది క్రూరం అంటాను. శత్రు రేడియో వింటే జైలు, ఒక్కోసారి మరణశిక్ష. అది తెలిసీ, బందీల పేర్ల కోసం మాస్కో ప్రసారాలను రహస్యంగా విన్న కుటుంబాలున్నాయి.

ఇంకోటి. ఫిబ్రవరి 18న బెర్లిన్‌లోని స్పోర్ట్‌పలాస్ట్ సభా మందిరంలో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ "సంపూర్ణ యుద్ధం కావాలా?" అని అడిగినప్పుడు అవునని అరిచింది మామూలు జనం కాదు, ఏరికోరి పిలిచినవాళ్లు. పోస్టులో "బెర్లిన్ ప్రజలు" అన్నచోట "ఆహ్వానితులు" అని మార్చాను.