మ్యాక్స్‌ఫైల్‌ప్రాక్ గారికి విన్నపం

మహారాజశ్రీ మ్యాక్స్‌ఫైల్‌ప్రాక్ గారి సముఖమునకు, జెడ్‌ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) నైట్ షిఫ్ట్ వాళ్లు నమస్కరించి రాయునది.

తమరు బీపీఎక్స్‌ప్రమ్ అనే సెట్టింగుల మెంబర్‌లో ఎప్పుడో ఎవరో రాసిన అంకెతో హాయిగా కొలువుదీరి ఉన్నారు. ఆ అంకె ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు రిటైరైపోయారు. ఒక్కో ప్రాసెస్ ఎన్ని ఫైళ్లు తెరవచ్చో చెప్పడం తమరి డ్యూటీ, తమరి లెక్కలో సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ కొస) కూడా ఫైలే. ఈ ముక్క తెలియని జావా వాళ్లు "మేం తెరిచేదే నాలుగు ఫైళ్లు, టూ మెనీ ఓపెన్ ఫైల్స్ ఏంటండీ?" అని మా మీద పడతారు.

సిస్టమ్ మొత్తం సాకెట్ల సంగతి తమరి బంధువు మ్యాక్స్‌సాకెట్స్ గారిది. ఆయన దర్శనానికి కన్సోల్‌లో డి ఓఎంవీఎస్,పీఎఫ్ఎస్ కొట్టాలి (ఓఎంవీఎస్ అంటే జెడ్‌ఓఎస్‌లోని యునిక్స్ విభాగం). టీసీపీ వరసలో మూడు అంకెలొస్తాయి: మ్యాక్స్‌సాక్ (పరిమితి), ఓపెన్‌సాక్ (ఇప్పుడు తెరిచి ఉన్నవి), హైయూజ్డ్ (ఇప్పటిదాకా ఎక్కిన గరిష్ఠం). అందరూ నడిమి అంకె చూసి "బోలెడంత ఖాళీ ఉందిగా" అంటూ టీకి వెళ్లిపోతారు. రాత్రి గొంతుదాకా వచ్చి దిగిన సంగతి హైయూజ్డ్ కింద ఉంది కదా అంటే, అటు చూసే ఓపిక ఎవరికుంది? తమరి విషయంలోనూ అంతే. డి ఓఎంవీఎస్,ఎల్ అని ప్రాసెస్ నంబర్ జోడిస్తే, ఇప్పుడెంత వాడుతున్నారో, ఎంతదాకా ఎక్కారో పక్కపక్కనే కనిపిస్తుంది. కానీ అడిగితేనే చెబుతారు.

ఇక యూజర్ల అనుమతులు చూసే ర్యాక్‌ఫ్‌లో, యూజర్ ఓఎంవీఎస్ సెగ్మెంట్‌లో దాక్కున్న ఫైల్‌ప్రాక్‌మ్యాక్స్ గారి మాట. మ్యాక్స్‌ను మనవాళ్ల ఇంటిపేరులా ముందు పెట్టుకున్నది తమరు, అమెరికా పద్ధతిలో చివర పెట్టుకున్నది ఆయన. ఆ యూజర్ వరకు ఆయన మాటే చెల్లుతుంది. మేం సెట్‌ఓఎంవీఎస్ కమాండ్‌తో తమరిని ఎంత పెంచినా ఆ యూజర్ సర్వర్ అక్కడే చతికిలబడి ఉంటుంది. పోనీ ఆయన అడ్డు లేనిచోట పని జరిగినా, ఆ పెంచిన అంకెను మెంబర్‌లో రాయడం ఎవరికీ గుర్తుండదు, వచ్చే ఐపీఎల్‌కి (క్రికెట్ కాదు, సిస్టమ్ రీస్టార్ట్) తమరు మళ్లీ పాత అంకెకే దిగొస్తారు. అప్పుడు మళ్లీ బ్రిడ్జ్ కాల్ (అందరూ లైన్‌లో కూర్చునే ఫోన్ మీటింగ్), మళ్లీ టెన్షన్.

అన్నట్టు, ఏ ప్రాసెస్ విషయంలోనైనా తమరు నోరు తెరవాలంటే లిమ్‌మెసేజ్ అనే సెట్టింగ్ ఆల్ అని ఉండాలి. అప్పుడు లిమిట్‌లో 85 శాతానికే కన్సోల్ మీద కేక వేస్తారు. మా దగ్గర మాత్రం "మెసేజ్‌లు ఎక్కువైపోతున్నాయి" అని ఎవరో పెద్దమనిషి నన్ (ఏ మెసేజూ వద్దు) అని పెట్టించారు. నిశ్శబ్దం బాగుంది, సర్వర్ పడిపోయేదాకా.

పడ్డాక మీటింగ్‌లో తీర్మానం ఎప్పుడూ ఒక్కటే: లిమిట్ రెట్టింపు చేయండి. కనెక్షన్ల జాబితా ఇచ్చే నెట్‌స్టాట్‌లో చూస్తే వందలకొద్దీ కనెక్షన్లు క్లోజ్‌వెయిట్‌లో వేలాడుతుంటాయి. అవతలివాడు ఎప్పుడో సెలవు తీసుకున్నాడు, మన ప్రోగ్రామే క్లోజ్ అనడం లేదు. అయినా తప్పు తమరిదే. చిన్న అంకె అయి పుట్టినందుకు.

ఒక్కటే విన్నపం. లిమ్‌మెసేజ్‌ను ఆల్‌కి మార్చే బాధ్యత మాది. 85 శాతం దాటినప్పుడు ప్రాసెస్ నంబర్, జాబ్ పేరు ఎలాగూ ఇస్తారు. ఆ చేత్తోనే సాకెట్ తెరిచి మూయని డెవలపర్ ఎక్స్‌టెన్షన్ నంబర్ కూడా జత చేయించగలరు.

ఇట్లు,
తమ విధేయులు