కమోడ్‌లోంచి తల లేచే వీడియోని తిట్టే ముందు

మొన్న సంక్రాంతికి మా అక్కావాళ్ళింట్లో అందరం హాల్లో కూర్చుని ఉంటే, ఎనిమిదేళ్ళ మా మేనల్లుడు స్నానాల బకెట్ ఒకటి తెచ్చుకుని అందులో కూర్చుని, తల మాత్రం బయటికి పెట్టి మెడ సాగదీస్తూ "స్కిబిడి స్కిబిడి" అని పాడటం మొదలుపెట్టాడు. మా బావకి ఒళ్ళు మండింది. "ఎక్కడ నేర్చుకున్నావురా ఈ చెత్త" అని ఫోన్ లాక్కున్నాడు. నేను వాడి తరఫున మాట్లాడబోతే "నువ్వూరుకోవోయ్, నీ వల్లే వీడిలా తయారయ్యాడు" అన్నాడు. పండగపూట గొడవెందుకని అప్పటికి ఊరుకున్నా కానీ, చెప్పాల్సింది చాలా ఉంది, అదే ఇక్కడ రాస్తున్నా.

నాకు గేమ్స్ అన్నా కార్టూన్లన్నా ఇలాంటి వింత వీడియోలన్నా చిన్నప్పట్నుంచీ ప్రాణం, దాచుకోవాల్సిన పనేం లేదు. అందుకే వాడు పాడిన ఈ స్కిబిడి టాయిలెట్ అనే యూట్యూబ్ సిరీస్ ఎక్కడ్నించి ఊడిపడింది అని ఎవరైనా అడిగితే నాకు నిజంగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే అది ఊడిపడలేదు. 2023 ఫిబ్రవరిలో అలెక్సీ గెరాసిమోవ్ అనే యానిమేటర్ యూట్యూబ్‌లో పెట్టిన మొదటి ఎపిసోడ్ 11 సెకన్లు, అంతే. కమోడ్‌లోంచి ఒక తల లేస్తుంది, పాడుతుంది, మన మీదకి వస్తుంది. తర్వాత కెమెరా తలకాయలున్న మనుషులొచ్చారు, స్పీకర్ తలలవాళ్ళు, టీవీ తలలవాళ్ళు వచ్చారు, అది కాస్తా పెద్ద యుద్ధం అయిపోయింది. డైలాగులు దాదాపు లేవు. అందుకే మా మేనల్లుడికి ఏ భాషా అక్కర్లేకుండానే మొత్తం కథ తెలుసు, ఎవడు ఎవడి సైడో, ఎవడు ఎప్పుడు పోయాడో గడగడా చెప్తాడు.

ఇప్పుడు అసలు సంగతి, ఆ తల. అది గెరాసిమోవ్ బొమ్మ వేసుకున్న తల కాదు, 2004లో వాల్వ్ కంపెనీ తెచ్చిన హాఫ్-లైఫ్ 2 గేమ్‌లో వీధుల్లో తిరిగే మామూలు జనాల్లో ఒకడిది. ఆ గేమ్ చేసేటప్పుడు వాల్వ్ వాళ్ళు మొహాల మీద చాలా కష్టపడ్డారు, పాల్ ఎక్మన్ అనే సైకాలజిస్ట్ మనిషి మొహంలో ఏ కండరం కదిలితే ఏ భావం కనిపిస్తుందో విడివిడిగా లెక్కకట్టిన పద్ధతి ఒకటుంది, దాన్ని తీసుకుని క్యారెక్టర్ల కనుబొమ్మలు, పెదాల చివర్లు, దవడ అన్నీ దేనికది కదిలేలా చేశారు. కథలో మనుషులు నిజంగా బాధపడుతున్నట్టు, భయపడుతున్నట్టు కనిపించాలని చేసిన పని అది. చేసి, ఆ టూల్స్ తాళం వేసి పెట్టుకోకుండా బయట జనాలకి కూడా ఇచ్చేశారు.

అదే ఏడాది చివర్లో గ్యారీ న్యూమన్ అనే కుర్రాడు ఈ గేమ్ మీద ఒక మాడ్ చేశాడు, అంటే ఉన్న గేమ్‌నే మార్చి కట్టిన కొత్త రూపం, దాని పేరు గ్యారీస్ మాడ్. అందులో గెలవడం ఓడడం ఏమీ లేదు, బాత్‌టబ్బులూ పీపాలూ మనుషులూ అన్నీ నీ ముందుంటాయి, ఎలా కావాలంటే అలా పెట్టుకో, అతికించుకో, మొహాల స్లైడర్లు, అంటే కన్నూ నోరూ ఎంత కదలాలో స్క్రీన్ మీద అటూ ఇటూ జరిపే మీటలు, లాగి చూసుకో. 2006లో దాన్ని పది డాలర్లకి అమ్మకానికి పెడితే తర్వాతి పదిహేనేళ్ళలో రెండు కోట్ల కాపీలకి పైగా అమ్ముడయ్యాయి. మొహం కండరాలు మనిషిలా కదలాలని చేసిన స్లైడర్లని గ్యారీస్ మాడ్ ఆడే పిల్లలు చివరికంటా లాగితే ఏమవుతుంది, కళ్ళు బయటికొస్తాయి, నోరు చెవులదాకా సాగుతుంది. ఇంటర్నెట్‌లో ఆ వింత వీడియోల జాతి మొత్తం అక్కడే పుట్టింది, స్కిబిడి దానికి మనవడు.

మనకిది కొత్తగా అనిపించక్కర్లేదు కూడా. తెలుగువాళ్ళకి మొహం విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. బ్రహ్మానందం గారి ఒక్క ఫోటో, మాట లేకుండా, సీన్ లేకుండా, ఫ్యామిలీ గ్రూపులో పడితే అందరికీ అర్థం అయిపోతుంది, రిజల్ట్ వచ్చిన రోజు ఒకటి, శాలరీ పడిన రోజు ఒకటి, నెలాఖరుకి ఇంకొకటి. వెయ్యి సినిమాల్లో ఆయన చేసిన మొహాలని మన మీమర్లు సినిమాల్లోంచి కోసి కొత్త కథలకి వాడుతున్నారు కదా, అక్కడి పిల్లలు హాఫ్-లైఫ్ మొహాలతో చేసిందీ అదే. సినిమాకి సంబంధం లేకపోయినా సరే మొహం మన సొంతం అయిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇది ఇంకా బాగుంటుంది. 1993లో డూమ్ అనే గేమ్ వచ్చినప్పుడే ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు లెవెల్సూ బొమ్మలూ సౌండ్లూ ఉన్న ఫైల్‌ని గేమ్ ఇంజిన్ నుంచి, అంటే గేమ్‌ని నడిపించే అసలు ప్రోగ్రామ్ నుంచి, విడిగా పెట్టారు, కావాలన్నవాళ్ళు మార్చుకోవచ్చు. 1996లో క్వేక్ వచ్చిన కొన్ని నెలలకే ఆ గేమ్ ఆడే ఒక టీమ్ పిల్లలు, గేమ్ రికార్డింగ్ ఫైల్‌తోనే రెండు నిమిషాలు కూడా లేని చిన్న సినిమా తీశారు, డైరీ ఆఫ్ ఎ క్యాంపర్ అని. గేమ్‌తో కథ చెప్పొచ్చని చూపించిన మొదటివాటిలో అదొకటి. ఇక 1999లో హాఫ్-లైఫ్ మొదటి పార్ట్ మీద ఇద్దరు ఫ్యాన్స్ చేసిన మాడ్ పేరు కౌంటర్-స్ట్రైక్. ఆ పేరు వినగానే ఇది చదివేవాళ్ళలో ఇంజినీరింగ్ చేసినవాళ్ళు సగంమందికి హాస్టల్ గుర్తొచ్చుంటుంది.

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక కిటికీల్లోంచి ల్యాన్ కేబుల్ రూమ్ నుంచి రూమ్‌కి వెళ్ళేది, ఒకడి పెన్‌డ్రైవ్‌లోని కౌంటర్-స్ట్రైక్ 1.6 వెర్షన్ ఫోల్డర్ ఫ్లోర్ మొత్తానికి కాపీ అయ్యేది, తెల్లారే దాకా అందులోని డస్ట్2 అనే మ్యాప్, అంటే ఆట జరిగే చోటు, ఒక్కటే. ఆ మ్యాప్‌లో ఏ సందు ఎక్కడ తిరుగుతుందో, ఏ తలుపు సందులోంచి స్నైపర్ కనిపిస్తాడో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. ఆ డస్ట్2ని 2001లో చేసింది డేవ్ జాన్‌స్టన్ అనే కుర్రాడు, కంపెనీ ఉద్యోగి కాదు, ఇంట్లో కూర్చుని సరదాగా చేసిన ఫ్యాన్. ఈ విషయం నాకు హాస్టల్ వదిలిన చాలా ఏళ్ళకి తెలిసింది, తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మేం అన్ని రాత్రులు తిరిగిన సందులు మాలాంటివాడే కట్టాడన్నమాట, మాకెవరూ ఆ మ్యాప్ ఎడిటర్ కూడా ఫ్రీగానే దొరుకుతుందని చెప్పలేదు.

నా వాదన ఇదే. పిచ్చి అందరికీ ఉంటుంది, అది చూడటం దగ్గరే ఆగిపోతుందా చేయడం దాకా వెళ్తుందా అనేది టూల్ చేతికి అందిందా లేదా అన్నదాని మీద ఉంటుంది. తలుపు మూసేవాళ్ళు ఎలా ఉంటారో కూడా చూశాం. మెట్రాయిడ్ అనే పాత గేమ్ సిరీస్ మీద ప్రేమతో మిల్టన్ గువాస్తీ ఏళ్ళ తరబడి కష్టపడి రెండో భాగాన్ని కొత్తగా కట్టి, 2016 ఆగస్టులో ఫ్రీగా రిలీజ్ చేస్తే ఆ సిరీస్ సొంతదారు నింటెండో వెంటనే లీగల్ నోటీసులతో డౌన్‌లోడ్ లింకులు తీయించేసింది. సరిగ్గా ఏడాది తర్వాత సోనిక్ గేమ్స్ సొంతదారు సెగా ఏం చేసింది, సోనిక్ ఫ్యాన్ గేమ్స్ చేస్తూ సొంతంగా ఇంజిన్ కూడా రాసుకున్న క్రిస్టియన్ వైట్‌హెడ్‌నీ అలాంటి మరికొంతమంది ఫ్యాన్స్‌నీ పిలిచి వాళ్ళ చేతే సోనిక్ మేనియా చేయించి అమ్మింది, చాలా ఏళ్ళలో వచ్చిన మంచి సోనిక్ గేమ్ అని రివ్యూలొచ్చాయి. చట్టం ప్రకారం నింటెండో తప్పు చేయలేదు, కానీ పోగొట్టుకుందేంటో నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లో పనికి కొదవే లేదు. ఛోటా భీమ్ పుట్టింది ఇక్కడే, రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్‌లో, 2008 నుంచి దేశం మొత్తం చూస్తోంది. విదేశీ కార్టూన్లకీ హాలీవుడ్ విజువల్ ఎఫెక్ట్స్‌కీ ఇక్కడ ఏళ్ళుగా పని చేస్తున్నారు. అయినా ఒక తెలుగు కార్టూన్ క్యారెక్టర్ మోడల్‌ని పిల్లలు డౌన్‌లోడ్ చేసుకుని, దాని మొహం స్లైడర్లు లాగి, గోదావరి యాసలో డబ్బింగ్ చెప్పి సొంత ఎపిసోడ్ చేసుకునే వీలు నేనెక్కడా చూడలేదు. జీటీఏ అనే విదేశీ గేమ్ వీడియోల మీద తెలుగు వాయిస్ పెట్టి నవ్వించే కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ టైమింగ్ చూస్తే ముచ్చటేస్తుంది, కానీ అక్కడ కూడా బొమ్మ వేరేవాళ్ళదే, మనది గొంతు ఒక్కటే. ఒక స్టూడియో ఒక్క క్యారెక్టర్‌ని పిల్లలు వాడుకోవడానికి వదిలితే చాలు అని నేను గట్టిగా నమ్ముతున్నా.

మా బావ కోపంలో నిజం లేదని అనను. షార్ట్స్ ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే వస్తూ ఉంటే పిల్లాడు రెండు గంటలు కదలకుండా కూర్చోవడం నాకూ భయంగానే ఉంటుంది. ఆ స్క్రోలింగ్ ఆపాల్సిందే. కానీ తప్పు ఆ తలది కాదు.

కనుమ రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మేనల్లుడిని నా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టా. సోర్స్ ఫిల్మ్‌మేకర్ అని, వాల్వ్ వాళ్ళు వాళ్ళ షార్ట్ ఫిల్మ్స్ కోసం వాడుకుని 2012లో అందరికీ ఫ్రీగా ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్, గెరాసిమోవ్ ఆ ఎపిసోడ్లు చేసింది అందులోనే. దవడ స్లైడర్ ఎక్కడుందో చూపించా. వాడు లాగాడు, నోరు తెరుచుకుంది. అంతే, నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారిపోయాడు. తర్వాత మాత్రం సీరియస్ అయిపోయాడు, ఒక కన్ను ముందు తెరవాలి, తర్వాత రెండోది, అప్పుడు నోరు, "అన్నీ ఒకేసారి తెరిస్తే భయం రాదు మావయ్యా" అన్నాడు. ఎవరు చెప్పారు వాడికిది? చూసిచూసి వాడే పట్టేశాడు. ఒక్కో ఫ్రేమ్ సర్దుతూ మూడు సెకన్ల వీడియోకి మాకు సాయంత్రం అయిదున్నర అయింది, మధ్యలో యూట్యూబ్ పెట్టమని ఒక్కసారి కూడా అడగలేదు.

మా బావ నిద్రలేచి టీ తాగుతూ వచ్చి వెనక నిలబడి చూశాడు. రెండుసార్లు ప్లే చేయించుకున్నాడు. "ఆ కన్ను ఇంకొంచెం లేటుగా తెరిపించరా" అన్నాడు.