సవరణ: ‘లవ్‌సిక్ బ్లూస్’ హ్యాంక్ విలియమ్స్ రాసిన పాట కాదు

అమెరికా కంట్రీ (అక్కడి పల్లె జానపదాల నుంచి వచ్చిన సంగీత బాణీ) గాయకుడు హ్యాంక్ విలియమ్స్ మీద ముందు పెట్టిన పోస్టులో ‘లవ్‌సిక్ బ్లూస్’ను ఆయన సొంత రచనగా చెప్పాం. అది తప్పు. 1922లో వచ్చిన ఆ పాటకు బాణీ క్లిఫ్ ఫ్రెండ్‌ది, మాటలు ఇర్వింగ్ మిల్స్‌వి. 1920లలో ఎమెట్ మిల్లర్, 1939లో రెక్స్ గ్రిఫిన్ అనే గాయకులు దాన్ని రికార్డు చేశారు. పల్లవిని చరణంలా ముందుకు తెచ్చి, అసలు చరణాన్ని మధ్యలోకి నెట్టింది గ్రిఫినే. హ్యాంక్ పట్టుకున్నది ఆ కట్టునే. 1948 డిసెంబరులో సిన్సినాటిలో రికార్డు చేసేటప్పుడు నిర్మాత ఫ్రెడ్ రోజ్‌కు ఈ పాట బొత్తిగా నచ్చలేదు. మరుసటి ఏడాది ఆ పాటే అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో 16 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, రికార్డు మీద పెద్దక్షరాల్లో కనిపించేది గాయకుడి పేరు. రచయితల పేర్లు పాట పేరు కింద సన్నగా ఉంటాయి. హ్యాంక్ చాలా పాటలు తానే రాసుకున్నాడు కాబట్టి ఇదీ ఆయనదే అనుకోవడం తేలిక. రచన రాయల్టీ మాత్రం పాడినవాళ్లకు కాదు, రాసినవాళ్లకు, పాట హక్కులున్న ప్రచురణకర్తలకు చెందుతుంది.

ఆ పోస్టుకే ఇంకో రెండు చిన్న సవరణలు. నాష్‌విల్ కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో హ్యాంక్ తొలిసారి పాడింది 1948లో కాదు, 1949 జూన్ 11న. అంతకుముందు పాడుతున్నది ష్రీవ్‌పోర్ట్‌లోని లూసియానా హేరైడ్ అనే రేడియో కార్యక్రమంలో. 1953 జనవరి 1న ఆయన చనిపోయినట్టు తెలిసింది కూడా ఒహాయోలోని క్యాంటన్‌లో కాదు. అక్కడి కచేరీకి కారులో వెళ్తుండగా, వెస్ట్ వర్జీనియాలోని ఓక్ హిల్ దగ్గర. అప్పటికి వయసు 29.