థర్మోస్టాట్ కొనేముందు బేస్‌మెంట్‌లోకి దిగి చూడండి

బ్లాక్ ఫ్రైడే దగ్గర పడిందంటే చాలు, టొరంటో చుట్టుపక్కల మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ స్మార్ట్ థర్మోస్టాట్ తీసుకోమంటారు?" ఒకరు స్క్రీన్ బాగుందంటారు. ఇంకొకరు యాప్ బాగుందంటారు. రిబేటు పోను దాదాపు ఫ్రీగా వస్తుందని మరొకరు లింకు పెడతారు. "మీ ఇంట్లో హెచ్‌ఆర్‌వీ ఉందా? దాన్ని ఏ కంట్రోల్‌తో నడుపుతున్నారు?" అని అడిగేవాళ్లు మాత్రం కనిపించరు. గది ఎంత వెచ్చగా ఉండాలో అందరికీ పట్టింపే. ఆ గదిలో పీల్చే గాలి ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ పట్టదు. ఇది చూసి చూసి విసిగిపోయాను, అందుకే ఇంత పొడుగు పోస్టు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. థర్మోస్టాట్ అంటే ఇంట్లో వేడినీ చల్లదనాన్నీ అదుపు చేసే గోడ పరికరం, స్మార్ట్ అంటే ఫోన్ యాప్‌తో కూడా నడిచేది. హెచ్‌ఆర్‌వీ అంటే హీట్ రికవరీ వెంటిలేటర్. బేస్‌మెంట్‌లో, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పక్కన వేలాడే పెట్టె అదే. ఇంట్లోని పాడు గాలిని బయటికి పంపుతుంది, దాదాపు అంతే గాలిని బయటినుంచి తెస్తుంది. రెండు గాలులూ కలవవు, కానీ మధ్యలో ఉన్న కోర్‌లో పక్కపక్కనే పోతాయి కాబట్టి పోయే గాలిలోని వేడి చాలావరకు వచ్చే గాలికి అందుతుంది. ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) అయితే వేడితో పాటు కొంత తేమ కూడా అటూ ఇటూ మారుతుంది.

ఇది విలాసం కోసం పెట్టింది కాదు. 1977లో కెనడాలోని రెజైనాలో సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ అని ఒక ఇల్లు కట్టారు. హెరాల్డ్ ఆర్ లాంటి ఇంజనీర్లు పనిచేసిన ఇల్లు అది. వేడి పోకుండా గోడలూ కప్పూ గట్టిగా బిగించారు, బిగించారు కాబట్టే గాలి కోసం విడిగా హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మనం కొంటున్న కొత్త ఇళ్లు ఆ దారిలో వచ్చినవే. అమెరికాలో కూడా 2012 నాటి ఐఆర్‌సీ అనే ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం, బ్లోయర్ డోర్ టెస్టులో (తలుపు దగ్గర ఫ్యాన్ పెట్టి ఇంటి లీకులు కొలిచే పరీక్ష) 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర గంటకి 5 సార్లకన్నా తక్కువ గాలి మారే ఇంటికి మెకానికల్ వెంటిలేషన్ తప్పనిసరి.

మన ఇళ్లకైతే ఇది మరీ అవసరం. రోజూ పోపు ఉంటుంది, కుక్కర్ ఆవిరి ఉంటుంది, చలికాలమంతా బట్టలు ఇంట్లోనే ఆరతాయి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పగలంతా ఇంట్లో మనుషులుంటారు. తలుపు వేసుకుని ఇద్దరు పడుకున్న బెడ్‌రూంలో కార్బన్ డయాక్సైడ్ తెల్లారేసరికి 1500 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1500) దాటడం మామూలే. బయట గాలిలో అది 420కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పొద్దున్నే తలనొప్పి అంటే నిద్ర చాలలేదనుకుంటాం, కిటికీ అద్దాల మీద నీళ్లు కారితే చలి అనుకుంటాం. కానీ గాలి మారకపోవడమే చాలాసార్లు కారణం. (వంట పొగ సంగతి వేరు. దానికి బయటికి పోయే డక్ట్ ఉన్న హుడ్ కావాలి. స్టవ్ మీద మైక్రోవేవ్ పెట్టి, ఆ ఘాటుని మళ్లీ మన మొహం మీదకే కొట్టే ఏర్పాటు బిల్డర్లు ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నూనె పొగ హెచ్‌ఆర్‌వీలోకి పోతే కోర్ జిడ్డు పట్టిపోతుంది.)

ఇక అసలు విషయం. స్మార్ట్ థర్మోస్టాట్ కొనేముందు చాలామంది కంపెనీ సైటులో కంపాటిబిలిటీ చెక్ చేస్తారు. అక్కడ ముఖ్యంగా అడిగేది ఆర్, సీ, వై, డబ్ల్యూ, జీ వైర్లు ఉన్నాయా అని. అవన్నీ ఫర్నేసువీ, ఏసీవీ. టిక్కు పడింది కదా అని ఆర్డర్ పెట్టేస్తారు. ఆ టిక్కుకీ మీ వెంటిలేటర్‌కీ ఏ సంబంధమూ లేదు. వెంటిలేటర్ నడపాలంటే థర్మోస్టాట్ వెనక దానికంటూ టెర్మినల్ (వైరు బిగించే చోటు) ఉండాలి, లోపలి సెట్టింగుల్లో "వెంటిలేటర్" అనే ఐటమ్ ఉండాలి. ఎకోబీ కంపెనీ పెద్ద మోడళ్లలో ఏసీసీ ప్లస్, ఏసీసీ మైనస్ అని రెండు టెర్మినళ్లు ఉంటాయి. సెట్టింగుల్లో వెంటిలేటర్, హెచ్‌ఆర్‌వీ, ఈఆర్‌వీ ఏదో ఎంచుకోవచ్చు, మనుషులున్నప్పుడు గంటకి ఎన్ని నిమిషాలు, లేనప్పుడు ఎన్ని నిమిషాలు నడవాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. అదే కంపెనీ చవక మోడల్ ఎకోబీ3 లైట్‌లో ఈ సౌకర్యం లేదు. హనీవెల్ హోమ్ టీ10 ప్రోలో యూ అనే జంట టెర్మినల్ ఉంటుంది, దాన్ని వెంటిలేషన్‌కి సెట్ చేసుకోవచ్చు. బ్రాండ్ పేరు చూసి కొనకండి, మోడల్ నంబర్ వైరింగ్ బొమ్మ చూసి కొనండి. రిబేటులో అంటగట్టేవి సాధారణంగా చవక మోడళ్లు.

ఒక చిక్కు కూడా ఉంది. ఇక్కడ చాలా ఫర్నేసులకి గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫైయర్ కూడా తగిలించి ఉంటుంది. థర్మోస్టాట్‌లో అదనపు పరికరానికి ఒకే జంట టెర్మినల్ ఉంటే, హెచ్‌ఆర్‌వీ రెండు వైర్లూ దాన్ని తీసేసుకుంటాయి, హ్యూమిడిఫైయర్‌కి చోటుండదు. ఏది థర్మోస్టాట్‌కి, ఏది దాని సొంత కంట్రోల్‌కి అన్నది కొనకముందే తేల్చుకోవాలి. నన్నడిగితే హ్యూమిడిఫైయర్‌ని దాని మానాన వదిలేసి వెంటిలేటర్‌కే ఆ చోటు ఇమ్మంటాను.

వైరింగ్ దగ్గర దయచేసి జాగ్రత్త. థర్మోస్టాట్ లైను 24 వోల్టుల ఏసీ కరెంటు. హెచ్‌ఆర్‌వీ కంట్రోల్ బోర్డులు చాలావాటికి సొంత లో-వోల్టేజ్ కరెంటు ఉంటుంది, వాటికి కావలసింది డ్రై కాంటాక్ట్ మాత్రమే. అంటే కరెంటు పంపకుండా రెండు వైర్లని కలిపి విడదీసే స్విచ్ లాంటిది. అలాంటి బోర్డుకి థర్మోస్టాట్ నుంచి 24 వోల్టులు నేరుగా ఇస్తే బోర్డు కాలిపోవచ్చు. ఎకోబీలో ఏసీసీకి ఒక వైరుతో కలిపితే ఒక పద్ధతి, రెండు వైర్లతో కలిపితే ఇంకో పద్ధతి. సొంత కరెంటు ఉన్న హెచ్‌ఆర్‌వీకి రెండో పద్ధతే. డ్రై కాంటాక్ట్ ఇవ్వలేని థర్మోస్టాట్ అయితే మధ్యలో ఐసోలేషన్ రిలే (రెండు వైపుల కరెంటూ కలవకుండా ఉంచే స్విచ్) పెట్టించాలి. ఈ మాట మాన్యువల్లో స్పష్టంగా ఉంటుంది. వీడియో చూసి వైర్లు పీకే ముందు మాన్యువల్ తెరవండి, ఫర్నేస్ స్విచ్ ఆపండి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఈ "గంటకి 20 నిమిషాలు" అనే డీఫాల్ట్ ఆలోచన. ఎవరిని అడిగినా వెంటిలేటర్ గంటలో 20 నిమిషాలు నడిస్తే చాలంటారు. లెక్క వేసి చూడండి. అమెరికాలో వాడే, ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన 62.2 ప్రమాణం ప్రకారం ఇంటికి కావలసిన గాలి ఇలా కడతారు: చదరపు అడుగులని 0.03తో గుణించి, బెడ్‌రూముల సంఖ్యకి ఒకటి కలిపి 7.5తో గుణించి, రెండూ కూడాలి. 2500 చదరపు అడుగులు, నాలుగు బెడ్‌రూముల ఇంటికి 75, 37.5, మొత్తం 112.5 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి). ఇది 24 గంటలూ ఆగకుండా నడిస్తే. గంటకి 20 నిమిషాలే నడిపితే ఆ 20 నిమిషాల్లో మూడింతలు, అంటే సుమారు 337 సీఎఫ్ఎం రావాలి. మామూలు ఇళ్లలో పెట్టే 150, 200 సీఎఫ్ఎం పెట్టె అంత గాలి ఎక్కడినుంచి తెస్తుంది? లీకుల ద్వారా వచ్చే గాలికి ఆ ప్రమాణంలో కొంత మినహాయింపు ఉంటుంది. బిగించి కట్టిన ఇంట్లో అది పెద్దగా కలిసిరాదు.

స్పీడ్ సంగతి కూడా చూడాలి. చాలా హెచ్‌ఆర్‌వీలు తక్కువ స్పీడులో చప్పుడు లేకుండా రోజంతా నడవడానికి తయారైనవి. బాత్రూంలో 20, 40, 60 నిమిషాల బటన్ నొక్కితేనే హై స్పీడుకి పోతాయి. థర్మోస్టాట్ ఇచ్చేది ఒకే సిగ్నల్: ఆన్, లేదా ఆఫ్. ఆ సిగ్నల్ మీ యంత్రంలో లో స్పీడుని లేపుతుందా, హై స్పీడునా? దాన్ని తగిలించే టెక్నీషియన్‌ని అడిగితే తెల్లమొహం వేస్తే, వేరే మనిషిని పిలవండి. హై స్పీడుకి కలిపేస్తే గంట గంటకీ హోరుమని లేస్తుంది, చిరాకుపడి ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు ప్లగ్ పీకేస్తారు. అది మళ్లీ పెట్టేది ఎవరు?

డక్టులు ఎలా వేశారో కూడా తెలుసుకోవాలి. హెచ్‌ఆర్‌వీ గాలిని విడి డక్టులతో గదులకి పంపితే సరే. ఇక్కడ చాలా ఇళ్లలో, గదుల గాలిని ఫర్నేస్‌కి తిరిగి తెచ్చే రిటర్న్ డక్ట్‌లోకి కలిపేస్తారు. అలాంటప్పుడు వెంటిలేటర్ తిరుగుతున్నంతసేపూ ఫర్నేస్ ఫ్యాన్ కూడా తిరగాలి, లేకపోతే తాజా గాలి పై అంతస్తు బెడ్‌రూం దాకా చేరదు. రెండూ కలిసి నడిచేలా థర్మోస్టాట్‌లో సెట్టింగ్ ఉందో లేదో చూడండి. కరెంటు ఆదా పేరుతో రాత్రిపూట ఫ్యాన్ ఆపేసే ఫీచర్లు ఉంటాయి. మనం తలుపులు వేసుకుని పడుకునేది అప్పుడే కదా. పాత రకం మోటారు ఉన్న ఫ్యాన్ 400, 500 వాట్లు తినేస్తుంది, నిజమే. ఈసీఎం అనే కొత్త రకం మోటారు తక్కువ స్పీడులో అందులో నాలుగో వంతు కూడా తీసుకోదు. మీదేదో కనుక్కుని నిర్ణయించుకోండి.

డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉన్నవాళ్లు ఇక్కడి సలహాలని ఉన్నదున్నట్టు తీసుకోకండి. మా సమస్య ఎముకలు కొరికే పొడి చలి, మీ సమస్య ఉక్కపోత. అక్కడ చాలా కొత్త ఇళ్లలో హెచ్‌ఆర్‌వీ ఉండదు. బయటి గాలిని రిటర్న్‌లోకి తెచ్చే ఒక డక్ట్, దానికి మోటారుతో తెరుచుకుని మూసుకునే తలుపు (డ్యాంపర్), అంతే. వేసవిలో ఆ డ్యాంపర్ తెరుచుకున్నప్పుడల్లా తేమ లోపలికి వస్తుంది. ఏసీ ఆగాక కూడా ఫ్యాన్ తిప్పుతూనే ఉంటే, కాయిల్ మీద పట్టిన నీరు ఆవిరై మళ్లీ ఇంట్లోకే వచ్చేస్తుంది. ఈఆర్‌వీ పెట్టించుకుంటే తేమ తగ్గిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఈఆర్‌వీ డీహ్యూమిడిఫైయర్ కాదు. బయటినుంచి వచ్చే తేమలో కొంత ఆపుతుంది, ఉన్న తేమని తీయదు. మీకు కావలసింది బయటి తేమ, బయటి వేడి చూసి వెంటిలేషన్‌ని వెనక్కి తగ్గించే కంట్రోల్. ఇక్కడ మాకూ జులై, ఆగస్టుల్లో ఇలాంటిదే ఒకటుంది. హెచ్‌ఆర్‌వీ గోడ కంట్రోల్‌లో తేమ సెట్టింగ్ చలికాలంలో పెట్టినచోటే వదిలేస్తే, ఇంట్లో తేమ తగ్గిద్దామని అది ఆగకుండా తిరుగుతూ బయటి ఉక్కనంతా లోపలికి లాగుతుంది. వేసవి రాగానే దాన్ని ఆఫ్‌లో పెట్టాలని ఇల్లు అమ్మినప్పుడు చెప్పే బిల్డర్ ఉన్నాడా?

2023 జూన్ గుర్తుందా? మా అడవుల మంటల పొగ న్యూయార్క్, న్యూజెర్సీల మీద కమ్మేసి ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నాం. కానీ చాలా ఇళ్లలో వెంటిలేటర్ మాత్రం తన షెడ్యూల్ ప్రకారం ఆ పొగని లోపలికి తెస్తూనే ఉంటుంది. కాబట్టి వెంటిలేషన్‌ని ఒక్క రోజుకి ఆపడం యాప్‌లో ఎన్ని నొక్కుళ్ల లోపల దాగుందో కొనేముందు చూడండి. నాలుగు మెనూల కింద ఉంటే అది నాకు పనికిరాని వస్తువే, స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా సరే. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకి కూడా అది ఆపడం, మళ్లీ పెట్టడం వచ్చేలా ఉండాలి.

ఇన్ని చూశాక మీ వెంటిలేటర్‌కి సరిపడే స్మార్ట్ థర్మోస్టాట్ దొరకలేదనుకోండి, లేదా ఉన్నది లో స్పీడుని నడపలేదనుకోండి, రెండిటినీ కలపాలనే పట్టుదల వదిలేయండి. హెచ్‌ఆర్‌వీతో వచ్చిన గోడ కంట్రోల్ మీద దాన్ని నిరంతరం లో స్పీడులో పెట్టండి, థర్మోస్టాట్‌కి ఏ మామూలు మోడల్ తీసుకున్నా ఇబ్బంది లేదు. ఫర్నేస్ ఫ్యాన్ కలిసి తిరగాల్సిన ఇల్లయితే హెచ్‌ఆర్‌వీ బోర్డు మీదే రెండూ కలిసి నడిచేలా చేసే ఇంటర్‌లాక్ వైర్లు ఉంటాయేమో మాన్యువల్లో చూడండి, చాలావాటిలో ఉంటాయి. మిగిలిన డబ్బుతో ఫిల్టర్లు మార్చి, కోర్ కడిగించి, యంత్రాన్ని బ్యాలెన్స్ చేయించండి. వచ్చే గాలి ఎంత, పోయే గాలి ఎంత అన్నది కొలిచి, ఆ రెండు సీఎఫ్ఎం అంకెలూ బిల్లు మీద రాసిస్తేనే డబ్బులివ్వండి.